కుడికి తిరగని బండి

పల్లపులంక,
ఫిబ్రవరి 9.

రత్నానికి,

నేను ఫోన్ చేస్తే మీ కోడలు స్పీకర్ పెట్టి నీ చేతికిస్తుంది. మనం మాట్లాడుకునేదంతా వంటింట్లో వాళ్ళూ, వీధరుగు మీద పేపరు చదువుకునే మీ గణేష్‌బాబూ కలిసి వింటారు. ఈ సంగతి అందరూ వినేది కాదు. అందుకని ట్రైనింగు స్కూలు సెలవుల్లో రాసుకున్నట్టే ఉత్తరం రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో, జవాబు మాత్రం రాయి.

మీ ఆయన బుల్లిరాజు గారి సంవత్సరీకానికి వచ్చినప్పుడు మీ తోట షెడ్డులో ఒక బుల్‌డోజర్ చూశాను. పసుపు రంగు పోయి ఇటుక రంగుకి తిరిగింది. ఆయన కాలవ గట్ల కాంట్రాక్టులు చేసిన రోజుల్లోదని చెప్పావు. అది ఇంకా ఉందా? ఉంటే అమ్ముతారా? అమ్మితే నడుస్తుందా?

ఎందుకంటావా, మా చర్చి సంఘానికి ఒక పల్లపు స్థలం ఉంది. వానాకాలం మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేశాక మట్టి తోలించి మెరక చెయ్యాలని తీర్మానించాం. అద్దె బళ్ళు దొరకడం లేదు. పాతది ఒకటి కొనేసుకుంటే పని అయ్యాక చుట్టుపక్కల సంఘాలకీ ఇవ్వచ్చు కదా అని నేనే అన్నాను. అన్న పాపానికి వెతికే పని నాకే అప్పజెప్పారు. నాకు కుట్టుమిషను తప్ప ఇంకో మిషను సంగతి తెలియదు. మా ఆయన, లాజరు మాస్టారు, బతికుంటే కనీసం ఆయన్ని అడిగి ఇంకాస్త తికమక పడేదాన్ని.

మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. బండి సంగతి మాత్రం నువ్వు తేల్చుకున్నాక చెబుదువుగాని.

నీ సంపూర్ణ


సామర్లకోట,
ఫిబ్రవరి 20.

ఏమే సంపూర్ణా,

నీ ఉత్తరం చూసి ముందు నీ ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మన వయసులో రిటైరైన టీచరమ్మలు కాశీ టిక్కెట్లు అడుగుతారు, లేదా మోకాళ్ళకి తైలం అడుగుతారు. మీ మతంలో కాశీ లేదు కాబట్టి తైలం అడుగుతావనుకున్నాను. నువ్వు బుల్‌డోజర్ అడిగావు.

ఉంది. ఆయన పోయిన దగ్గర్నుంచీ పనికి వెళ్ళలేదు. అమ్ముతామా అంటే నన్నడిగితే ఒక మాట, గణేష్‌నడిగితే ఒక మాట. వాడు షెడ్డు తీసేసి గోడౌను కట్టిస్తానంటున్నాడు. పాత ఇనుము కొనేవాణ్ణి తీసుకొచ్చి చూపించాడు కూడా. నేను ఆ వచ్చినవాడికి మజ్జిగిచ్చి పంపించేశాను.

నడుస్తుందా అంటే, నాకు తెలిసి నడుస్తుంది. ఆయన దగ్గర ఆపరేటరుగా చేసిన అబ్బులు ఏటా దసరాకి వచ్చి, బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేస్తాడు. బొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చైన్ల కింద నిమ్మకాయలు పెడతాం. తొక్కిస్తాడు. ఒక్క ఏడాది తప్పలేదు. "ఇంజను బంగారమండి అమ్మగారూ, అయ్యగారి చెయ్యి పడ్డ బండండి" అంటాడు. గణేష్ స్నేహితుడొకడు చూసి "ఇది ఇనపముద్దండి ఆంటీ" అన్నాడు. ఇద్దరూ చేత్తో తట్టి చూసే చెప్పారు. ఎవరి మాట నమ్మాలో నాకు తెలియదు. మీవాళ్ళలో తెలిసినవాణ్ణి ఎవరినైనా పంపు.

ఇనుము రేటిస్తే చాలు, అంతకంటే నీ దగ్గర తీసుకోను. ఇంతకీ ఏ స్థలమే అది? చర్చి పక్కదా, వెనకాలదా?

రత్నమాణిక్యం


పల్లపులంక,
మార్చి 8.

రత్నానికి,

మా సంఘంలో కిరణ్ కుమార్ అనే అబ్బాయి ఉన్నాడు. రాజమండ్రిలో ట్రాక్టర్ల షెడ్డు నడుపుతాడు. ఈ నెలాఖరులో వచ్చి చూస్తానన్నాడు. తను చైను బళ్ళు ఎక్కువ ముట్టుకోలేదని ముందే చెప్పాడు. ఉన్నవాళ్ళలో అతనే నయం.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు పెట్టాం. కొందామని ఒక పెద్దాయన లేచి "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. నడిస్తే పని చేసుకుంటాం, నడవకపోతే ఇనుముకి అమ్ముకుంటాం" అన్నారు. అందరూ తలలూపారు. వెంటనే ఇంకొకాయన లేచి "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు. డీజిలెవరు పోస్తారు?" అన్నారు. దానికీ అందరూ తలలూపారు. ఒకరి ఏనుగుకీ ఇంకొకరి గుర్రానికీ మధ్య నన్ను నిలబెట్టి, టీచరు గారు ఎలా అంటే అలా అని ఇళ్ళకి భోజనాలకి వెళ్ళిపోయారు.

నేను ఎలా అంటానో నాకే తెలియడం లేదు. రాత్రి కొందామనుకుని పడుకుంటే పొద్దున్న లేచేసరికి వద్దనిపిస్తోంది. కానీ ఈ వానలకి ముందే ఆ స్థలం పైకి లేవాలి. అది మాత్రం నాకు తెలుసు. ఎందుకో వచ్చినప్పుడు చెప్తాను.

స్థలం అంటావా, చర్చిదే. కాస్త అవతలగా ఉంటుంది.

నీ సంపూర్ణ


సామర్లకోట,
మార్చి 29.

సంపూర్ణా,

నిన్న మీ కిరణ్ కుమార్ వచ్చాడు. మర్యాదస్తుడు, కాఫీ వద్దంటూనే రెండుసార్లు తాగాడు. అబ్బుల్ని కూడా పిలిపించాను. గణేష్ పక్కనే ఉన్నాడు. అబ్బులు స్టార్ట్ చేశాడు. పొగ వీధి చివర దాకా పోయింది. బండిని అడుగు ముందుకి పోనిచ్చి, అడుగు వెనక్కి తెచ్చి, "చూశారాండీ" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

"బాబాయ్, బయటికి తీసి ఓసారి తిప్పి చూపించు" అన్నాడు మీవాడు.

"తిప్పడం దేనికండీ?" అన్నాడు అబ్బులు.

"తిప్పకపోతే పనెలా చేస్తాంటండీ?"

అబ్బులు కాసేపు తువ్వాలుతో సీటు తుడిచాడు. తర్వాత షెడ్డులోంచి బయటికి నడిపి, ఎడమ లివరు లాగాడు. బండి నేరుగా వెళ్ళింది. కుడిది లాగాడు. నేరుగానే వెళ్ళింది. నా చక్రకేళి అరటి పిలకలన్నీ తొక్కేసి, కొబ్బరిచెట్టు ముందు ఆగింది.

కిరణ్ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. దీనికి స్టీరింగు చక్రం ఉండదట. ఒక్కో చైనుకి ఒక్కో క్లచ్చి. ఎడమకి తిరగాలంటే ఎడమ క్లచ్చి వదలాలి, ఆ పక్క చైను ఆగి బండి అటు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి తిప్పకుండా ఉంచితే లోపల ప్లేట్లు తుప్పుపట్టి అతుక్కుపోతాయి. మేము నిమ్మకాయ తొక్కించడానికి అడుగు ముందుకి, అడుగు వెనక్కి నడిపాం. నిమ్మకాయకి తిరగాల్సిన పనేముంది? అన్ని దసరాలూ బండి దివ్యంగా ఉందనుకుని హారతిచ్చాం. అబ్బులుకి ముందే తెలుసా అంటే, వాడి ముఖం చూస్తే తెలుసనీ అనిపించింది, తెలియదనీ అనిపించింది.

ఇది ఇలా ఉండగా మీవాడు లివర్లు చూస్తూ మామూలుగా ఒక మాటన్నాడు. "సమాధుల మధ్య సందు తక్కువండి, తిరక్కపోతే కష్టమండి" అన్నాడు. గణేష్ విన్నాడు. నేనూ విన్నాను.

చర్చి స్థలం, కాస్త అవతల అని రాశావు. నువ్వు అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. పదిహేడేళ్ళప్పుడు ఒకే ట్రంకుపెట్టెలో బట్టలు పెట్టుకున్నవాళ్ళం. నా దగ్గరా దాపరికం? నాకు బండి తిరగనందుకు కాదు బాధ.

రత్నమాణిక్యం


పల్లపులంక,
ఏప్రిల్ 6.

రత్నం,

కోప్పడ్డావు. కోప్పడాల్సిందే. ఇది చదివాక ఇంకా కోపముంటే ఉంచుకో.

అది మా సమాధుల తోట. కాలవ గట్టుకి దిగువన ఉంది. కిందటేడు భాద్రపదంలో మా సువార్తమ్మ పోయింది. నువ్వెరుగుదువు, మా ఇంటికొచ్చినప్పుడు నీకు పూతరేకులు చుట్టిచ్చింది. గొయ్యి తవ్వుతుంటే అడుగడుగుకీ నీరు ఊరింది. ఆయిలింజను పెట్టి నీళ్ళు తోడుతూ పెట్టె దించారు. ఇంజను ఆపగానే నీళ్ళు నిండి పెట్టె పైకి తేలింది. ఆమె కొడుకులిద్దరూ గోతిలోకి దిగి పెట్టె మీద నిలబడ్డారు. మిగతావాళ్ళు వాళ్ళ కాళ్ళ చుట్టూ మట్టి వేశారు. కన్నతల్లి మీద నిలబడ్డారే రత్నం. పాస్టరు గారు వాక్యం చదవలేక పుస్తకం మూసేశారు. నేను ఆ పిల్లలిద్దరికీ అక్షరాలు దిద్దించినదాన్ని. అది చూడలేక మళ్ళీ వానలు రాకముందే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

చెరువులు తవ్వే బళ్ళు మా మండలంలో బోలెడు. ఓనర్లని ఒక్కొక్కరినీ అడిగాను. "మీరంటే గౌరవమేనండి టీచరు గారూ. కానీ బండి శ్మశానంలో దిగిందంటే మళ్ళీ చెరువు పనికి ఎవరూ పిలవరండి" అన్నారు. వాళ్ళకి ఆ బండే కూడు. తప్పు పట్టలేకపోయాను.

మీదీ పూజలు చేసే బండే. ముందే చెబితే నువ్వు కాదనలేక అవుననేస్తావని, ఆ తర్వాత ఇంట్లో మాటలు పడతావని భయపడ్డాను. బండి సంగతి ముందు తేలనిచ్చి, తర్వాత చెబుదామనుకున్నాను. నాది తెలివితక్కువ.

తిరగని బండితో మాకూ పని లేదు. ఇక ఈ సంగతి వదిలేద్దాం. మనసులో పెట్టుకోవద్దని గణేష్‌బాబుకి చెప్పు.

సంపూర్ణ


సామర్లకోట,
ఏప్రిల్ 21.

సంపూర్ణకి,

వదిలేద్దామనుకున్నదానివి సువార్తమ్మ సంగతి అంతా ఎందుకు రాశావు? రాసి నాకు నిద్ర లేకుండా చేశావు.

నాకూ ఏం తోచడం లేదు. పొద్దున్న పంపేద్దామనిపిస్తుంది, పొయ్యి ఆర్పేసరికి వద్దనిపిస్తుంది. మీరు మట్టిలో పెట్టుకుంటారు, పువ్వులు పట్టుకుని వెళ్ళడానికి ఒక చోటుంటుంది. మా ఆయన్ని కాల్చి బూడిద గోదావరిలో కలిపాం. ఇప్పుడాయన దగ్గరికి వెళ్ళాలంటే ఎక్కడికి వెళ్ళాలి? అప్పుడప్పుడు షెడ్డులోకి పోయి ఆ బండి చైను మీద కూర్చుంటాను. ఈ సంగతి మా కోడలికి కూడా తెలియదు. అది పోతే నాకు కూర్చునే చోటు లేదు. పంపకుండా ఉంచితే ఇనుము వాడు ఎలాగూ వస్తాడు.

గణేష్ మొదట ఇంతెత్తున లేచాడు. "నాన్న పూజ చేసుకున్న బండిని శ్మశానానికి తోలతావా?" అన్నాడు. "ఇనుము వాడు గ్యాసు కట్టరు పెట్టి ముక్కలు కోస్తే అది మర్యాదట్రా? పనిలోకి వెళితే అమర్యాదా?" అన్నాను. "అది కాదమ్మా" అన్నాడు. ఏది కాదో చెప్పలేదు. మర్నాడు తనే అబ్బులుకి ఫోన్ చేశాడు.

అబ్బులూ మీ కిరణూ మూడు రోజులు దాని కింద దూరి ఎడమ క్లచ్చి విడిపించారు. కుడిది రాలేదు. మొత్తం విప్పి ప్లేట్లు మార్చాలట. పాత మోడలు కాబట్టి సామాను దొరికేసరికి వానలు వచ్చేస్తాయట. ఇప్పుడు బండి ముందుకి పోతుంది, వెనక్కి వస్తుంది, ఎడమకి తిరుగుతుంది. కుడికి తిరగదు. ఇలాంటిదాన్ని కొనుక్కోమని చెప్పే ధైర్యం నాకు లేదు. వద్దని చెప్పడానికీ నోరు రావడం లేదు.

ఎలాగూ రాశాను కాబట్టి ఇదీ రాస్తున్నాను, నా కోపం పోయింది.

నీ రత్నం


పల్లపులంక,
మే 5.

రత్నానికి,

కోపం పోయిందన్న ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది.

మేము అనుకున్నదేమిటంటే, ముందు సిలువలూ, రాళ్ళూ తీసి పక్కన పెట్టుకోవాలి. బండి వరసల మధ్య ఖాళీల్లోనే నడవాలి. సమాధుల మీద మట్టి మేమే పారలతో సర్దుకోవాలి. ఆ తర్వాత ఎవరి రాయి వాళ్ళ చోట పైన మళ్ళీ పాతుకోవాలి. మట్టి కప్పడానికి అందరూ ఒప్పుకున్నారు. బండి మీదుగా నడవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.

నిన్న కిరణ్, అబ్బులు వచ్చి తోటంతా నడిచి చూశారు. గట్టు మీంచి బండి దిగడానికి ఒకటే వాలు. దిగగానే ఎదురుగా ఉన్నది మా మాస్టారు. ఆయన్ని తప్పించాలంటే కాస్త కుడికి తిప్పాలి, కుడి రాదు. అక్కడే ఎడమకి తిప్పితే మురుగుకాలవలో పడుతుంది. చుట్టూ తిరిగి రావడానికి చోటు లేదు. ఆయన్ని దాటితే మిగతా తోటంతా ఎడమవైపే, ఇబ్బంది లేదు. "మాస్టారొక్కరేనండి" అన్నాడు కిరణ్, తల వంచుకుని.

అబ్బులు నాకు నచ్చజెప్పాడు. "బండి నేరుగా ఎక్కదండి. ముందు మట్టి తోసుకుని ఆ మట్టి మీదే నడుస్తుందండి. కింద ఏమీ తెలీదండి" అన్నాడు. ఎవరికి తెలీదో అడగలేదు.

సంఘం వాళ్ళు మంచివాళ్ళు. వచ్చే ఏడు చూద్దాం టీచరు గారూ, సామాను దొరికాకే కొందాం అంటున్నారు. వచ్చే ఏటికి ముందు ఒక వానాకాలం ఉంది. మా వీధిలో మంచం పట్టినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ పిల్లలు నా ముఖంలోకి చూడడం లేదు. నేను అవునంటే ఆయన మీదుగా బుల్‌డోజర్ తోలించినదాన్నవుతాను. కాదంటే ఇంకో తల్లి మీద పిల్లలు నిలబడతారు. ఆయన అరటాకు కూడా తొక్కకుండా తప్పుకునే మనిషి, ఎవరి మీదా గొంతెత్తని మనిషి. నాకు బుర్ర పనిచేయడం లేదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు?

నీ సంపూర్ణ


సామర్లకోట,
మే 13.

సంపూర్ణా,

ఇది నన్నడగాల్సిన మాటేనా? మా ఆయన ఫోటో ముందు నిలబడి అడిగాను. బతికుండగా ఏదడిగినా నీ ఇష్టం అనేవారు. ఇప్పుడు అది కూడా అనలేదు.

నీ చోట నేనుంటే ఒప్పుకునేదాన్ని కాదు. నిజం చెబుతున్నాను. అలాగని నువ్వూ ఒప్పుకోవద్దని అనలేను, ఆ పెట్టె మీద నిలబడ్డ పిల్లలు నా కళ్ళలోంచి పోవడం లేదు.

గణేష్ ట్రైలరు లారీ మాట్లాడి ఉంచాడు. షెడ్డు కూల్చడానికి మనుషుల్ని కూడా పిలిచాడు. ఈ నెలాఖరుకి బండి మీ ఊరైనా రావాలి, ఇనుము వాడి దగ్గరికైనా పోవాలి. వద్దని ఒక్క ముక్క ఫోన్లో చెప్పు చాలు. స్పీకర్లో విన్నా ఫర్వాలేదు.

నీ రత్నం


పల్లపులంక,
జూన్ 16.

రత్నానికి,

లారీ పంపమని ఫోన్లో చెప్పి పెట్టేశానని నొచ్చుకోకు. ఇంకొక్క మాట మాట్లాడితే వద్దనేదాన్ని.

బండి వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేసి, ఇక ఎవరి సిలువ వాళ్ళు తీసుకోండి అన్నారు. ఒక్కరూ కదల్లేదు. అందరూ పక్కవాళ్ళ వైపు చూస్తున్నారు. నేను చీర చెంగు దోపుకుని మా మాస్టారి రాయి దగ్గరికి వెళ్ళాను. నా వల్ల కాలేదు. సువార్తమ్మ కొడుకులిద్దరూ వచ్చి, "మీరు లేవండి టీచరు గారూ" అని చెరో పక్కా పట్టి రాయిని లేపారు. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు.

ట్రాక్టర్లు మట్టి పోశాక అబ్బులు బండిని వాలు దింపాడు. ఆయన చోటు ముందుకి వచ్చేసరికి ఆపి, కిందకి దిగాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాడు. "మాస్టారండీ, ఎక్కుతున్నానండీ. కుడికి తిరగదండీ, ఏమీ అనుకోకండీ" అన్నాడు. మళ్ళీ ఎక్కి నడిపాడు. కళ్ళు మూసుకుందామనుకున్నదాన్ని, మూసుకోలేదు. నేల అదిరి నా కాళ్ళలోకి వచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు కూడా నలుగురిలో అంత ఏడవలేదు.

పని వానలకి ముందే అయింది. ఆయన్ని దాటాక బండి ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. కిందటి వారం మంచం పట్టినవాళ్ళలో ఒకరు పోయారు. కాలవలకి నీళ్ళు వదిలేశారు, పైనుంచి వానా పడుతోంది. గొయ్యిలో చుక్క నీరు ఊరలేదు. పెట్టె దించాక దాని మీద మట్టి పడ్డ చప్పుడు వినిపించింది. పక్క ఊరి సంఘం వాళ్ళు అప్పుడే బండి అడుగుతున్నారు. మీ గణేష్‌బాబుకి చెప్పు.

రాయి మళ్ళీ పాతించాను. కిరణ్ కొలిచే పెట్టాడు. అయినా ఆయన దాని కిందే ఉన్నారో, రెండడుగులు అటో ఇటో జరిగారో నాకు నమ్మకం చాలడం లేదు. నువ్వు వచ్చినప్పుడు నీకూ చూపిస్తాను. పక్కనే బండి పెట్టించాను, చైను మీద కూర్చోవచ్చు.

అందరూ నా చేతులు పట్టుకుని, "మాస్టారికి ఇక తడి లేదండి టీచరు గారూ" అంటున్నారు. అవునమ్మా అంటున్నాను. అవును కాదే రత్నం. ఆయన అప్పటి లోతులోనే ఉన్నారు, ఆ నీళ్ళూ అక్కడే ఉన్నాయి. మెరక అంతా ఆయన పైన. నేను ఆయన మీదుగా బండి తోలించి, పక్కన నాకు పొడి చోటు చేసుకున్నాను.

నీ సంపూర్ణ